ముగ్గురికీ ఒకే రబ్బరు సూటు

ఎనభై మూడో సంవత్సరం, జనవరిలో రెండో సోమవారం, పొద్దున ఏడు గంటలు. గాలి గొట్టంతో మునిగి ఆనకట్ట తలుపులు బాగుచేసే పని మాది. చలి ఆపే రబ్బరు సూటును కామాటిపుర దగ్గరి పాత సామాన్ల బజారులో నేనే ఏరాను. నాకు, నా తమ్ముడికి, నా బామ్మర్దికి, ముగ్గురికీ పనికొస్తుందని నా బొజ్జకు పట్టేదే కొన్నాను. మొదట తొడిగింది బక్కపలచని బామ్మర్దే.

"బావా, ఢీలా ఉంది. నీళ్లు జొర్రుతయ్."

"పెండ్లి కోటా ఏందిరా, నాప్ దీసి కుట్టియ్య? దిగు!"

ఒంటికి అతుక్కుంటేనే అది వెచ్చగా ఉంచుతుందని నాకు తెలియదు. అరగంటకు వాడు తాడు గుంజి పిలిస్తే పైకి తీశాం. పెదవులు నల్లబడ్డాయి, సూటు నిండా చన్నీళ్లు. "పెండ్లికూతురు లెక్క వణుకుతున్నవ్" అని నవ్వి మళ్లీ దించాను. ఈసారి తాడు గుంజలేదు. శవాన్నే లాగాం.

గట్టు మీద ఉన్నది నేను, నా తమ్ముడు, మాకు వండిపెట్టడానికి వచ్చిన నా భార్య, అంటే చనిపోయినవాడి అక్క.