హంతకుడి సంగతి

నేను రాసిన డిటెక్టివ్ సీరియల్‌ని టీవీవాళ్లు తొమ్మిదో వారంలో ఆపేశారు. చూసేవాళ్లు లేరన్నారు. గడియారాలు బాగుచేసే మా మామగారు మాత్రం ఒక్క వారమూ వదల్లేదు. హంతకుడెవరో చెప్పమని ఇరవై ఆరేళ్లుగా నన్ను అడుగుతూనే ఉన్నారు. నేను చిన్నగా నవ్వి మాట మార్చేవాణ్ణి. పెద్ద రహస్యం దాచుకున్నవాడి నవ్వు అది. నిజానికి హంతకుడెవరో నాకే తెలీదు. ఏ వారానికావారం రాసుకుంటూ పోయాను. చివరికి ఎవరో ఒకరు తోచకపోరులే అనుకున్నాను.

పోయిన నెల మామగారికి గుండె ఆపరేషన్ అయింది. ఇప్పుడు కులాసాగానే ఉన్నారు. ఆ రోజు మాత్రం, స్ట్రెచర్ కోసం ఎదురుచూస్తూ నన్ను దగ్గరికి పిలిచారు.

"అల్లుడూ, ఇప్పుడైనా చెప్పవయ్యా. ఎవరు చంపారు?"

ఇక నవ్వి తప్పించుకునే వీల్లేదు. తెలీదంటే ఇన్నేళ్ల పరువూ గంగలో కలుస్తుంది. నోటికొచ్చింది చెప్పేశాను.

"హోటల్ మేనేజరు, మామయ్యా."

ఆయన వేళ్ల మీద వారాలు లెక్కపెట్టుకున్నారు.

"మేనేజర్ని మూడో వారంలోనే ఆ హంతకుడి చేత చంపించేశావు కదయ్యా."

నాకది గుర్తే లేదు. తల దించుకున్నాను.

"నాకు తెలీదు మామయ్యా. అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు."

"అనుకుంటూనే ఉన్నాను. నీ డిటెక్టివ్ తొమ్మిది వారాలూ టీ తాగడం తప్ప ఏం చేశాడు గనక?"

స్ట్రెచర్ వచ్చింది. దాని మీదికి ఎక్కించబోతుంటే నా చెయ్యి పట్టుకున్నారు.

"మీ అత్తకి మాత్రం చెప్పకు. మా ఇంట్లో నిన్ను తెలివైనవాడని నమ్మేది ఆవిడొక్కతే."