ఇంగ్లండులో మా ఇంటి ఓటు

మా ఇంట్లో ఓట్లు ఎప్పుడూ చీలలేదు. గొప్ప కోసం చెబుతున్న మాట కాదు, మా దగ్గర అదొక పద్ధతి. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి మా ఊళ్ళో పోలింగుకు ముందు రోజు సాయంత్రం బాపు మంచం మీద కూర్చుని, ఈసారి ఏ గుర్తో ఒక్క మాటలో చెప్పేవాడు. అమ్మ, చిన్నమ్మ, అన్నదమ్ములం, కోడళ్ళు, అందరం పొద్దున్నే వెళ్ళి ఆ గుర్తు మీదే నొక్కి వచ్చేవాళ్ళం. ఆ మాట చెప్పే ముందు బాపు పోటీలో ఉన్నవాళ్ళందరితోనూ బేరం ఆడి ఉండేవాడు. “మా ఇంటి ఓట్లన్ని మీకే, మరి మా వాడకు బోరు సంగతేంది?” అని మొహం మీదే అడిగేవాడు. ఒకసారి బోరు పడింది, ఇంకోసారి సీసీ రోడ్డు పడింది, చాలాసార్లు ఏమీ పడలేదు. బాపు పోయాక ఆ పని నాకు వచ్చింది. నేను అందులో బాపు కంటే గట్టివాణ్ణనే అనుకునేవాణ్ణి.

నాకు జనగామలో మార్కెట్‌కు పోయే దారిలో విత్తనాలు, పురుగుమందుల దుకాణం ఉంది. నా భార్య అదే ఊళ్ళో ఒక ప్రైవేటు దవాఖానలో నర్సుగా చేసేది. ఇంగ్లండులో ముసలివాళ్ళను చూసుకునే ఒక హోమ్‌లో ఆమెకు పని దొరికింది. ముగ్గురం, అంటే నేను, ఆమె, మా పాప, కలిసి పోదామనుకున్నాం. మా కాగితాలు సిద్ధమయ్యేసరికి అక్కడి సర్కారు నియమం మార్చింది. ఆ పని మీద వచ్చేవాళ్ళు ఇకమీదట ఒంటరిగానే రావాలి, మొగుడూ పిల్లలూ వెంట రాకూడదు. ఆమె వద్దంది. “ముందుగాల నువ్వు పో, ఏదో ఒక దారి దొరుకుతది, ఎనుకనే మేమొస్తం” అని నేనే పంపాను. పాపను తీసుకుపోయి మహబూబాబాద్‌లో మా అత్తమ్మ దగ్గర దింపాను. మూడో తరగతిలో చేర్చాలి. రేపో మాపో విమానం ఎక్కేదానికి ఇక్కడ బడెందుకని ఊరుకున్నాను.

జూన్‌లో ఒకనాడు ఆమె ఫోన్ చేసి, అక్కడ పార్లమెంటుకు ఎన్నికలు వచ్చాయని చెప్పింది. వస్తే మనకేంది అన్నాను. “మనకు గూడ ఓటున్నది” అంది. నేను నమ్మలేదు. మనది ఒకప్పుడు వాళ్ళు ఏలిన దేశం కాబట్టి, వీసా మీద అక్కడుంటున్న మనవాళ్ళు కూడా ఓటు వెయ్యొచ్చట. నెల కిందట మన పార్లమెంటుకు ఓటేసిన సిరా నా గోటి మీద ఇంకా పోలేదు. దాన్నే చూసుకుంటూ, “మీరుండే ఇంట్ల ఎంతమంది మనోళ్ళు?” అని అడిగాను. హోమ్‌లో పనిచేసే మన ఆడవాళ్ళం అయిదుగురమని, అందరికీ ఓటుందని చెప్పింది.

అయిదు ఓట్లు! ఇక నా కాళ్ళు నేల మీద నిలవలేదు. మా వీసా ఆ ఎన్నికలోనే ఉందని నాకు అప్పుడే తోచింది. నియమం పెట్టింది సర్కారు, సర్కారును పెట్టేది ఓటు, ఆ ఓటు ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఏ పార్టీకి వేయాలో తేల్చడం ఒక్కటే మిగిలింది. తేల్చవలసింది నేనే అన్నదాంట్లో నాకు ఏ కొంచెమూ అనుమానం లేదు. ఆమె కూడా, “ఎవలకు ఎయ్యాల్నో నాకైతె సమజ్ అయితలేదు” అనే అంది. అది నన్ను అడగడం కాదని ఇప్పుడు అనిపిస్తుంది కానీ, అప్పుడు నేను అలాగే విన్నాను.

ఆ రోజుల్లో జనగామలో వాన జాడ లేదు. దుకాణం ముందు రైతులు పత్తి గింజల కోసం నిలబడి ఆకాశం చూస్తుంటే, నేను కౌంటర్ వెనక ఫోన్‌లో వాళ్ళ పార్టీల ఉపన్యాసాలు చూస్తుండేవాణ్ణి. సగం అర్థమయ్యేది కాదు. అర్థమైన సగంలో రెండు పెద్ద పార్టీలూ ఒకరిని మించి ఒకరు, బయటనుంచి వచ్చేవాళ్ళను తగ్గిస్తామనే అంటున్నాయి. ఒకడు కోపంగా అంటాడు, ఇంకొకడు మెత్తగా అంటాడు. “అన్నా, నేనడిగింది పత్తి, నువ్విచ్చింది మక్క” అని ఒక రైతు ప్యాకెట్లు వెనక్కి పెట్టాడు. ఆయన మీద కస్సుమన్నాను. తప్పు నాదే.

దుకాణం మూసి భూపాలపల్లి వెళ్ళాను. నా బామ్మర్ది అక్కడ బొగ్గు గనిలో పనిచేస్తాడు. గనిలో యూనియన్ ఎన్నికలంటే మామూలు సంగతి కాదు. ఏ యూనియన్‌తో ఏం మాట్లాడుకోవాలో వాడికి తెలిసినంత నాకు తెలియదు. డ్యూటీ దిగి వచ్చి స్నానం చేసి, కంటి రెప్పల అంచుల్లో బొగ్గు మసి ఇంకా ఉండగానే నా ముందు కూర్చున్నాడు.

“గింతకు ఆలోచనేంది బావా?” అన్నాడు. “ఉన్నోళ్ళు తెచ్చిన రూలు గదా. ఉన్నోళ్ళను దించాలె. కొత్తోడు వచ్చినాక పాతోడు చేసింది తీసేస్తడు. మన దగ్గర జరిగేది గదే గదా?”

“తీసేస్తమని వాళ్ళెక్కడ చెప్తలేరు మరి.”

“ఊకెనే ఎందుకు చెప్తరు? అడగాలె. అయిదు ఓట్లు ఉట్టిగ ఏస్తమా?”

వాడి మాట నా ప్రాణానికి హాయిగా తాకింది. అవునవునని భోంచేసి బస్సెక్కాను. పరకాల దాటేసరికి మళ్ళీ గుబులు. కొత్తవాడు కూడా తీసెయ్యకపోతే? ఇంకో చిన్న పార్టీ ఉందట, కుటుంబాలను రానివ్వాలని అంటుందట, కానీ గెలవదట. గెలవని వాడికి వేసిన ఓటు మా లెక్కలో మోరీలో పోసిన నీళ్ళు. కిటికీ పక్కన కూర్చుని ఒక పార్టీని గెలిపిస్తాను, ఇంకో ఊరు వచ్చేలోపు దించేస్తాను. ఇంటికి చేరినా కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ తిరగడమే తప్ప కూర్చోలేకపోయాను.

ఆ ఆదివారం మహబూబాబాద్ వెళ్ళాను. అత్తమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. సంగతంతా విని, తలెత్తకుండానే, “ఎవలు గెలిస్తె నా బిడ్డ బతుకమ్మకు ఇంటికొస్తదో వానికెయ్యమను కొడుకా” అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. మేం అక్కడికి పోవడం గురించి నేను కిందామీదా పడుతుంటే, ఈమె వెనక్కి రావడం గురించి మాట్లాడుతుంది! గేటు దగ్గర పాప నిలబడి ఉంది. వాడలోని పిల్లలు కొత్త యూనిఫారాల గురించి చెప్పుకుంటుంటే వింటోంది. నన్ను చూసి పరిగెత్తుకొచ్చి, “ఏ పార్టోళ్ళు నన్ను అమ్మ దగ్గరికి రానిస్తరు డాడీ?” అని అడిగింది. నేను తడుముకోకుండా, ప్రతిపక్షం పేరు చెప్పాను. అదే గెలుస్తుందని కూడా చెప్పాను. పాప ఆ పేరును రెండు మూడుసార్లు పలికి నేర్చుకుంది.

తరవాతి శనివారం జనగామలో మొదటి పెద్ద వాన పడింది. మధ్యాహ్నం, దుకాణంలో ఎవరూ లేరు. నా భార్య వీడియో కాల్‌లో ఉంది, అక్కడింకా పొద్దున్నే. వాళ్ళ తలుపు గంట మోగింది. ఫోన్ చేతిలో పట్టుకునే తలుపు తీసింది. గుమ్మంలో ఒక ముసలాయన, కోటుకు పార్టీ రంగు రిబ్బన్ పువ్వు, చేతిలో కరపత్రాలు. నేను ఖాయం చేసుకున్న పార్టీవాడే. నా కాళ్ళ దగ్గరికే వచ్చినట్టు అనిపించింది.

“ఫోన్ ఆయనకియ్యి” అన్నాను. ఆమె కళ్ళతో వద్దంది. “ఇయ్యవే, మల్ల దొరకడు!” అని అరిచాను. ఆ అరుపు ఆయనకు కూడా వినబడింది, పాపం వంగి ఫోన్‌లోకి చూశాడు. నాకు వచ్చిన ఇంగ్లీషులో, బాపు అడిగినట్టే అడిగాను. ఈ ఇంట్లో అయిదు ఓట్లున్నాయి సార్, అయిదూ మీకే, నేను చెబితే కాదనరు, మరి నా వీసా, నా బిడ్డ వీసా సంగతి ఏం చేస్తారు?

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా ఒక్కొక్క మాటే చెప్పాడు. ఓట్లు ఇంటివి కావు, ఒక్కొక్క మనిషివి. ఈ ఆడపిల్లలు ఎవరికి వేస్తారో నేను మీతో బేరం ఆడకూడదు. ఓటుకు బదులుగా ఏదైనా ఇస్తాననడం ఇక్కడ నేరం. ఆ నియమం సంగతంటారా, మేం గెలిచినా దాన్ని తీసెయ్యం. తీసేస్తామని చెప్పి ఓటడగడం నా వల్ల కాదు. ఇంత చెప్పి, నాకు కాదు, ఆమెకు ‘సారీ’ చెప్పి మెట్లు దిగిపోయాడు.

గుమ్మంలోకి వచ్చిన ఓట్లవాడు కాదనడం నా పుట్టుకలో చూడలేదు. డిపాజిట్ రాదని తెలిసినవాడు కూడా మా వాడలో రైలు ఆపుతానన్నాడు గానీ కుదరదని అనలేదు. “గిట్ల చెప్పినోనికి ఓటెవడేస్తడు?” అని నేను ఒంటికాలి మీద లేస్తుంటే, ఫోన్‌లో వెనకనుంచి ఏడుపు వినబడింది. నేరమన్న మాట విని, వీసా పోతుందేమోనని ఆ ఇంట్లో ఉండే పిల్ల ఒకామె బెదిరిపోయింది. నా భార్య ఫోన్‌ను మొహం దగ్గరికి తెచ్చుకుంది.

“ఏందయ్యా నువ్వు? నన్నడిగినవా? గీ పిల్లలనడిగినవా? అయిదు ఓట్లు నీ అంగి కీసల ఉన్నయా?”

అని పెట్టేసింది. ఆ తరవాత ఫోన్ ఎత్తలేదు. ఆ పార్టీకి వద్దు, చిన్న పార్టీకే వెయ్యమని మెసేజ్ పెట్టాను. తెల్లారి, వద్దులే, పెద్దదానికే వెయ్యమని పెట్టాను. చూసినట్టు గుర్తులు పడేవి, జవాబు మాత్రం రాలేదు. వానలు మొదలయ్యాయి కదా, దుకాణం నిండా జనం. గింజలు ఇస్తూనే ఫోన్ చూస్తాను, చూస్తూనే ఎవరో ఒకరి మీద అరుస్తాను. కోపమా అంటే కోపం కాదు, భయం. నేను లేకుండా ఆమె నిర్ణయం తీసుకుంటుందని భయం.

వాళ్ళ పోలింగు గురువారం. సాయంత్రం అయిదు దాటాక ఆమే ఫోన్ చేసింది. బయట నడుస్తున్నట్టుంది, గాలి హోరు.

“ఏసొచ్చిన” అంది. “చర్చి పక్క హాల్ల పెట్టిండ్రు. పెన్సిల్‌కు దారం కట్టి పెట్టిండ్రు, గీత కొట్టుడే. సిరా గిట్ల ఏం పెట్టలే.”

“ఎవలకేసినవ్?”

“చెప్ప.”

“చెప్పవా?”

“చెప్ప. పెండ్లయినకాడి నుంచి మీరు చెప్పిన గుర్తుకే ఏసిన. గియ్యాల ఒక్కదాన్నే లోపల నిలబడి ఆలోచన చేసి ఏసిన.” వెంటనే అడిగింది: “పాపను బళ్ళె ఏసినవా?”

నేను కౌంటర్ మీది గింజల ప్యాకెట్లు సర్దడం మొదలుపెట్టాను.

“బడి తెరిచి ఎన్నాళ్ళాయె? నా ఓటు కోసం భూపాలపల్లి దాకా పోయినవ్. నీ బిడ్డ కోసం మన సందు చివరి బడి దాకా పోలే. గా ముసలాయన నీకు చెప్పిందే నేను వచ్చినకాడి నుంచి చెప్తున్న. ఎవలు గెలిచినా మీరు రాలేరు. నా ఒప్పందం అయిందాక చేసి నేనే వస్త. అప్పటిదాక బిడ్డను నీ దగ్గర పెట్టుకో. మా అమ్మ దగ్గర కాదు, నీ దగ్గర.”

తెల్లారి బామ్మర్ది ఫోన్. “బావా, గెలిచినం! ఉన్నోళ్ళు కొట్టుకపోయిండ్రు!” గని దగ్గర మిఠాయి కూడా పంచాడట. వాడికి ఏమని చెప్పను? మంచిదన్నాను. దుకాణం తాళాలు పక్క దుకాణపాయనకు ఇచ్చి, మహబూబాబాద్ పోయే రైలెక్కాను.

నేను పోయేసరికి పాప మంచి గౌను వేసుకుని, జడలు వేయించుకుని, వాకిట్లో కూర్చుని ఉంది. పక్కన బ్యాగు. బట్టలన్నీ తనే సర్దుకుందట. వాళ్ళ మామ దానికి కూడా ఫోన్ చేశాడు. నన్ను చూడగానే లేచింది.

“మనం గెలిచినం గదా డాడీ, అమ్మ దగ్గరికి గియ్యాలనే పోతమా?”

అత్తమ్మ కొంగుతో నోరు మూసుకుని లోపలికి వెళ్ళిపోయింది. వచ్చే నెల అనొచ్చు. చూద్దాం అనొచ్చు. ఆ మాటలు నా నాలుక చివరే ఉన్నాయి, బతుకంతా విన్నవే. పాప ముందు గొంతుక్కూర్చున్నాను.

“పోము బిడ్డా” అన్నాను. “వాళ్ళు రానియ్యరు. నువ్వు నాతోని జనగామ వస్తున్నవ్. సోమవారం నుంచి బడి.”

అది నా మొహంలోకి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

“అయితే మనం ఓడిపోయినమా?”

“ఓడిపోయినం” అన్నాను.

“అమ్మకు చెప్పినవా?”

“అమ్మకు ఎరుకే.”

“మరి నాకెందుకు చెప్పలే?” అంది.