నీళ్ళు వణకని గ్లాసు

పెదనాన్నకు లోకంలో ఒకే ఒక్క శత్రువు: తన తెరచాప పడవలోని ఇంజిన్ చప్పుడు. గాలి ఉన్నంతసేపూ ఆయనంత సాధువు లేడు. గాలి పడిపోయి ఇంజిన్ వేయవలసి వచ్చిందా, దాని పెట్టె మీద గ్లాసుడు నీళ్ళు పెట్టి కూర్చునేవారు. నీళ్ళు వణికితే నేరం రుజువైనట్టే. శిక్ష, పెట్టెకు మరో పొర. మొదట స్పాంజి, దాని మీద రబ్బరు, ఆపైన తివాచీ. చివరికి తాను పడుకునే పరుపు కూడా కోసి అందులో కుక్కారు.

సెలవులకు వచ్చిన తమ్ముడి కూతురు న్యాయశాస్త్రం చదువుతోంది. సాక్ష్యం లేనిదే దేన్నీ ఒప్పుకోదు.

“ఇది ఇంజినా, బాలింతా పెదనాన్నా? ఇన్ని దుప్పట్లు కప్పారు!”

“ఇటు తిరిగి చెప్పవే. ఏమన్నావూ?”

మళ్ళీ చెప్పింది.

“బాలింత ఇంతలా అరవదే!” అన్నారాయన.

ఆ మధ్యాహ్నం రేవుకు తిరిగి వస్తుండగా గాలి చచ్చిపోయింది. చుక్కాని పెద్దమ్మ చేతిలో ఉంది. ఇంజిన్ మీద నడుస్తున్న పడవను నీటి ఉరవడి రాళ్ళకట్ట వైపు లాగుతోంది. అంతలో పెదనాన్న గ్లాసు ముందు మోకరిల్లి చప్పట్లు కొట్టారు.

“గెలిచాను! చుక్క కదల్లేదు!”

కదలదు మరి. ఇంజిన్ ఆగిపోయింది.

“పెదనాన్నా, ఆగిపోయింది!” అమ్మాయి గొంతు చించుకుంది. ఆయన వీపు కూడా కదల్లేదు.

“అరిచి లాభం లేదమ్మా, ఆయనకు వినపడదు. వెళ్ళి భుజం తట్టు,” అంది పెద్దమ్మ.

“వినపడదా? ఎప్పటినుంచి?”

“ఆరేళ్ళయింది. మన పెదవులు చూసి నెట్టుకొస్తున్నారు. ఓడల కంపెనీవాళ్ళు ఇరవై ఏళ్ళు ఇంజిన్ గదుల్లో నిలబెట్టారుగా, చెవుల్లో పెట్టుకోను ఇంత దూదైనా ఇవ్వకుండా!”

ఆ నిలబెట్టినవాళ్ళను ఏ కోర్టులో నిలబెట్టాలా అని అమ్మాయి పళ్ళు కొరికింది. కానీ రాళ్ళు వాయిదా ఇచ్చేలా లేవు. పరుగెత్తి భుజం తట్టింది.

ఆమె పెదవులు చూడగానే పెదనాన్న మొహం పాలిపోయింది. “పొద్దున ఆ చివరి కన్నం కూడా మూసేశానే. పాపం, దానికి ఊపిరాడలేదు!”

కత్తి తీసి రబ్బరు చీల్చారు. స్పాంజి ముక్కలు ఎగిరాయి. జిగురు పట్టిన మూత రానంది. రాళ్ళ మీది నాచు కనిపిస్తోంది. ఇద్దరూ కాళ్ళు తన్నిపెట్టి లాగితే మూత ఊడి వచ్చింది. మీట నొక్కితే ఇంజిన్ దగ్గి ఊరుకుంది. రెండోసారి నొక్కారు.

పొరల్లేని ఆ ఇంజిన్ ఒక్కసారిగా గర్జించింది. అమ్మాయి రెండు చెవులూ మూసుకుంది. పెద్దమ్మకు ఆ వీలు లేదు; రెండు చేతులా చుక్కాని లాగి పట్టుకుంది.

పెదనాన్న ఒక్క గంతులో ఆమె వెనక్కు చేరి, తన అరచేతులతో ఆమె చెవులు గట్టిగా మూశారు.

“ఏమిటండీ ఇది, చేతుల నిండా నూనె! జుట్టంతా పాడుచేశారు! తియ్యండి!”

రాళ్ళు దాటినా, రేవు చేరినా పెద్దమ్మ తిట్లు ఆగలేదు. వెనక నిలబడినవాడికి పెదవులు కనిపించవు గనుక, అందులో ఒక్కటీ ఆయనకు చేరలేదు.