కడుపు తిప్పని సీటు

కోలారు జిల్లా ముళబాగిలు దగ్గరి పల్లెలో పట్టుపురుగులు పెంచుకునే లక్ష్మీదేవమ్మ యాభై నాలుగేళ్లు వచ్చేదాకా జిల్లా దాటి ఎరగదు. భర్త గుండప్ప కట్టడి చేసి కాదు, తీరిక లేకా కాదు. బస్సెక్కితే చాలు, ఆమెకు కడుపులో తిప్పుతుంది. రెండో స్టాపు రాకముందే కిటికీలోంచి తల బయట పెడుతుంది. బుగ్గన అల్లం ముక్క, గుప్పిట్లో నిమ్మకాయ, ఎవరెవరో చెప్పిన మాత్రలు, అన్నీ అయ్యాయి. ఒక్కటీ పని చేయలేదు.

కొడుకు నందీశ్ ఆరో క్లాసులో ఉండగా చుట్టాలంతా బస్సు మాట్లాడుకుని ధర్మస్థల, ఉడుపి బయల్దేరారు. లక్ష్మీదేవమ్మ కొత్త చీర కట్టుకుని అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది. కోలారు పక్కనున్న తమక దగ్గరికి వచ్చేసరికి ఆమె అవస్థ చూడలేక గుండప్ప, "నీకీ యాత్రలు వద్దులేమే, దిగు," అని దించి తిరుగు బస్సెక్కించాడు. ఆ బస్సులో ఆమె వాంతి చేసుకుంది, ఏడ్చింది కూడా. నందీశ్ మాత్రం అమ్మ కోసం సీసాలో సముద్రపు నీళ్లు పట్టుకొచ్చాడు. అడుగున కొంచెం ఇసుక. ఆమె వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉంది. పదిహేడేళ్లపాటు ఆమెకు తెలిసిన సముద్రం అంతే.

గుండప్ప చెడ్డవాడేమీ కాదు గానీ నోరు ఊరుకోదు. ఇంటికి ఏ చుట్టం వచ్చినా పెళ్లాం వాంతుల కథ చెప్పి నవ్వించేవాడు. ఆమె వంటింట్లోంచి వింటూ ఉండేది.

మూడేళ్ల క్రితం గుండప్ప చెయ్యి విరిగింది. పురుగులు గూడు కట్టేముందు పడుకునే నాలుగో నిద్ర లేచి ఆకు మీద పడ్డ వారం అది. ఆ వారం అవి రేయింబవళ్లు తింటాయి. ఆకు ఒక్క పూట తప్పిందంటే పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. నందీశ్ కోలారు దగ్గరి నరసాపురం ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోయాడు. మల్బరీ తోట చూస్తే రెండు మైళ్లు. లక్ష్మీదేవమ్మ కొంగు బిగించి, రోజూ గుండప్ప తోలే లగేజీ ఆటోలో డ్రైవరు సీటెక్కింది. పక్కన గుండప్ప అరుస్తూ ఉంటే మట్టిబాట మీద ఎట్లాగో తోలుకుపోయి ఆకు తెచ్చింది. మోపులు దించుతుండగా ఆమెకు తట్టింది, కడుపు తిప్పలేదని. మర్నాడు పక్కింటి చంద్రు తోలుతుంటే పక్కన కూర్చుంది. తిప్పింది. ఆ మర్నాడు తానే తోలింది. తిప్పలేదు. ఎవరితోనూ అనకుండా వారం రోజులు ఇట్లాగే పరీక్ష పెట్టి, బండి తోలేవాళ్లకు తిప్పదని తేల్చుకుంది.

ముళబాగిలులో డ్రైవింగ్ నేర్పే మునిశామప్ప, ఆమె కొడుకును చేర్పించడానికి వచ్చిందనుకున్నాడు. "నాకేనప్పా," అంది ఆమె. పోయే బస్సులో వాంతి, నేర్చుకునే కారులో హాయి, తిరిగొచ్చే బస్సులో మళ్లీ వాంతి. ఇరవై రోజులు ఇదే తంతు. ఒక్కరోజు మానలేదు. ఇది చూసి కూడా నవ్విన ఊరివాళ్లను ఏమనాలో నాకు తెలియదు. లైసెన్సు చేతికొచ్చినప్పటి నుంచి పట్టుగూళ్లు ఆటోలో కోలారు మార్కెట్టుకు ఆమే తోలుకుపోతోంది.

ఈ ఏడు వానలు వెనకబట్టాక ఒక పంట దిగింది. పురుగుల ఇంటికి మందు కొట్టి తలుపులు మూస్తే మళ్లీ పిల్ల పురుగులు వచ్చేదాకా వారం ఖాళీ. నందీశ్ అప్పటికే పాత కారొకటి కొన్నాడు.

"సముద్రం చూసొద్దాం. నేనే తోల్తాను," అంది లక్ష్మీదేవమ్మ.

కోడలు అర్పిత ఆ మాటకే బట్టలు సర్దడం మొదలుపెట్టింది. నందీశ్ మాత్రం ఒక షరతు పెట్టాడు. "అట్లే కానీమ్మా. ఆగుంబె గాట్లో, ఆ కొండ దిగే వంపుల్లో మాత్రం నేను తోల్తాను. అది నీకు అయ్యేది కాదు."

ఆమె ఊ కొట్టి, ఎందుకైనా మంచిదని అయిదు నిమ్మకాయలు సంచిలో వేసుకుంది.

తెల్లవారుతుండగానే బెంగళూరు దాటేశారు. రాత్రికి శివమొగ్గలో ఉండి, మర్నాడు తీర్థహళ్లి మీదుగా అడవిలోకి వచ్చారు. రెండు వైపుల కొమ్మలూ రోడ్డు మీద కలిసిపోయి ఉన్నాయి. తడి ఆకుల వాసన కారులోకి వస్తోంది. బస్సుల్లో పోయినన్నాళ్లూ ప్రయాణమంటే ఆమెకు కళ్లు గట్టిగా మూసుకుని కూర్చోవడమే. కోలారు మార్కెట్టుకు తోలినా చూపంతా ముందు బండ్ల మీదే.

"కిటికీ బయట ఇన్ని ఉంటాయా?" అంది.

గాటు మొదట్లో మాట ప్రకారం సీటు మారింది. మొదటి వంపులో నిమ్మకాయ వాసన చూసింది. రెండో వంపులో ఆపమని దిగి, గోడ పక్కన వాంతి చేసుకుంది. మొహం కడుక్కుని వచ్చి డ్రైవరు తలుపు దగ్గర నిలబడింది.

"నందీశూ, దిగు."

"ఇంగా పన్నెండు వంపులుండాయమ్మా!"

"అందుకే దిగమనేది. సముద్రం కాడికి కండ్లు మూసుకొని పోయేదానికి నేను రాలేదు."

వెనక సీట్లోంచి గుండప్ప అందుకున్నాడు. "అందర్నీ లోయలో ఏస్తావేమే? సుమ్నే ఊరుకొని ఎక్కి కూర్చో."

ఆమె వెనక్కి తిరిగింది. "ఆ పొద్దు తమకలో నువ్వు దిగమంటే దిగినాను. ఈ పొద్దు దిగేది నేను కాదు."

నందీశ్ అమ్మ మొహం చూశాడు. సీసా తెచ్చి చేతికిచ్చిన రోజు గుర్తొచ్చిందేమో, బెల్టు విప్పి దిగాడు.

ఆమెకు భయం లేదంటే అబద్ధం. అరచేతులు చెమటపట్టి స్టీరింగు జారుతోంది. మునిశామప్ప చెప్పినవన్నీ పైకే అనుకుంటూ గాటు దిగసాగింది. రెండో గేరు. వంపుకు ముందే హారన్. ఎక్కే బండికి దారియ్యాలి. అయిదో వంపులో మినీబస్సు ఒకటి ఎదురైంది. ఆమె వంపుకు పైనే పక్కకు తీసి ఆపింది. బస్సు మెల్లగా దాటుకుని పోతూ ఉంటే దాని డ్రైవరు ఆమెకు చెయ్యెత్తాడు. ఆడమనిషని చూడలేదు, వయసూ చూడలేదు, దారిచ్చిన డ్రైవరని ఎత్తాడు. ఆ చెయ్యి చూశాక ఆమె భుజాలు కిందికి దిగాయి.

తొమ్మిదో వంపులో వెనక నుంచి సన్నగా వినిపించింది. "ఆపే... కొంచెం ఆపే తల్లీ."

గుండప్ప దిగి గోడ పట్టుకుని వంగాడు. అర్పిత నవ్వు కనపడకుండా కొంగు నోటికడ్డం పెట్టుకుని చెట్లు చూసింది. లక్ష్మీదేవమ్మ నాలుక చివర ముప్పై ఏళ్ల మాటలున్నాయి. అన్నీ మింగేసి, మొగుడి వీపు రాసి, నీళ్లు పోసి, గుప్పిట్లో నిమ్మకాయ పెట్టింది.

మధ్యాహ్నానికి మరవంతె చేరారు. అక్కడ రోడ్డుకు ఒక పక్క నది, ఇంకో పక్క సముద్రం. ఆమె కారు ఆపి, తాళంచెవి తీసి కొంగున కట్టుకుని, చెప్పులు విడిచి ఇసుకలోకి నడిచింది. అల వచ్చి పాదాలు తడిపింది.

"ఎట్లుండాదమ్మా?" అన్నాడు నందీశ్.

"నువ్వు తెచ్చింది చానా తక్కువప్పా," అని నవ్వుతూనే ఏడ్చేసింది.

పొద్దు వాలేదాకా చూసిందే చూస్తూ కూర్చుంది. గుండప్ప మెల్లగా వచ్చి పక్కన కూర్చున్నాడు.

"తిరిగి పోయేటప్పుడూ ఆ గాటేనా?" అన్నాడు. ఎవరు తోలతారని మాత్రం అడగలేదు.

"ఆ గాటే."

ఆయన కొంచెం దగ్గరికి జరిగాడు. "నిమ్మకాయలు ఇంగా ఉండాయా?"

"మూడుండాయి," అంది లక్ష్మీదేవమ్మ. "అన్నీ నీకే."