ముందు డిక్కీలో దుంపల బస్తా

మా బావ గోట్‌హిల్ఫ్ ష్మౌడర్ త్సుఫెన్‌హౌజెన్‌లో స్పోర్ట్స్ కార్లు చేసే ఫ్యాక్టరీలో ఇంజన్లు బిగించేవాడు. పొద్దున్నే రైలెక్కి వెళ్ళేవాడు, సాయంత్రం దిగేవాడు. ఇరుగుపొరుగుతో వంతులేసుకుని మెట్లు ఊడ్చే వారం తమదైతే చీపురు పట్టేవాడు, కాకపోతే సూప్ తాగి పడుకునేవాడు. ఆదివారం ప్రార్థన కూటంలో బైబిలు చదివేవాడు. ఆయన గురించి చెప్పుకోవడానికి ఇంతకు మించి ఏమీ లేదని ఊరంతా అనుకునేది. ఆయన పెళ్ళాం, అంటే మా అక్క లిడియా కూడా అలాగే అనుకుంది. కాదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

నా పేరు ఎర్విన్. ఆ పక్క ఊళ్ళో మా నాన్న వదిలిపోయిన పొలంలో బంగాళాదుంపలు పండిస్తాను. నాన్న మాకు వదిలిపోయినది పొలం ఒక్కటే కాదు. ఆయన తాగేవాడు. తాగేవాళ్ళు మా ప్రాంతంలో కొత్త కాదు కానీ, ఈయన దాచి తాగేవాడు. గడ్డి కొట్టంలో, మోపుల వెనక సారా సీసాలు పెట్టుకుని, పశువులకు మేత వేసొస్తానని వెళ్ళేవాడు. అమ్మకు ఆ సంగతి తెలిసేసరికి ఆయన కాలేయం సగం పోయింది. అమ్మ ఏడ్చింది తాగినందుకు కాదు, ఇన్నేళ్ళూ తనని వెర్రిదాన్ని చేసినందుకు. అప్పటికి లిడియా పెళ్ళీడుకొచ్చింది. నాన్నను మట్టి చేసిన రోజు నుంచీ ఆ కొట్టం గడప తొక్కలేదు. గోట్‌హిల్ఫ్ పెళ్ళి మాట ఎత్తినప్పుడు ఒకటే చెప్పిందట. నువ్వేం చేసినా సర్దుకుంటాను, దాచావంటే మాత్రం నీకూ నాకూ సరి అని.

ఆయన సరేనన్నాడు. పదేళ్ళు ఆ మాట మీదే నిలబడ్డాడు కూడా. తర్వాత ఫ్యాక్టరీలో ఎవరో గుద్దేసిన పాత కారు ఒకటి పనివాళ్ళకి చవగ్గా ఇస్తున్నారని తెలిసింది. తన చేత్తో బిగించిన రకం ఇంజన్. ఓవర్‌టైం చేసి దాన్ని కొన్నాడు, మా ఇంటికొచ్చి కొట్టం తాళం అడిగాడు.

"అక్కకి చెప్పు బావా," అన్నాను.

"చెప్తాలేరా. ముందు దాని సొట్టలు తీయనీ."

సొట్టలు ఆర్నెల్లలో పోయాయి. చెప్పడం మాత్రం ఎనిమిదేళ్ళు వాయిదా పడుతూ వచ్చింది. ఆయన భయం ఒక్క లిడియా గురించే కాదు. మా ప్రాంతంవాళ్ళం ష్వాబులం, మాలో ఉన్నవాడు లేనట్టు కనపడాలి. కొత్త కోటు వేసుకున్నవాణ్ణి కూడా ఎవరైనా చచ్చారా అని అడుగుతారు. ఇక బైబిలు చదివే ఫిట్టరు స్పోర్ట్స్ కారు నడిపితే కూటంలో పెద్దల మొహాలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. నాకైతే లోపల్లోపల సంతోషమే. నాన్న సీసాలు దాచిన చోట ఇప్పుడు అంతకంటే మంచి వస్తువు ఉంది. పైగా అక్క అటువైపు రాదు.

ఆ కారు సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. లోకంలో కార్లకి ఇంజన్ ముందుంటుంది. దీనికి వెనకాల, చక్రాలకి కూడా అవతల ఉంటుంది, డిక్కీ ముందుంటుంది. తాతలనాటి చవక కారు నుంచి వచ్చిన పద్ధతి అది. ఆరు సిలిండర్లు అటు మూడు, ఇటు మూడు పడుకుని ఉంటాయి. చల్లబరచడానికి నీళ్ళు లేవు, గాలే. అందుకే దాని గొంతు అలా గరగరమంటుంది. తాళం చెవి ఎడమ పక్కన. పాత రోజుల్లో కార్ల పందెంగాళ్ళు రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చి కారెక్కేవాళ్ళట, ఎడమ చేత్తో తాళం తిప్పుతుంటే కుడి చెయ్యి గేరు వేసేదట. ఇవన్నీ చెప్తున్నప్పుడు బావ మొహం చూస్తే ఆదివారం బైబిలు చదివేది ఈయనేనా అనిపించేది.

బరువంతా వెనకుంటే వెనక చక్రాలకి పట్టు బాగా దొరుకుతుంది, బాణంలా పోతుంది. కానీ ముక్కు తేలిక. మలుపులో భయపడి ఠక్కున యాక్సిలరేటర్ మీంచి కాలు తీశావో, తోక తిరిగి ముందుకొచ్చేస్తుంది. తొలి రోజుల్లో ఫ్యాక్టరీవాళ్ళే ముందు బంపర్లో ఇనుప దిమ్మలు పెట్టి పంపేవాళ్ళు. తర్వాత వెనక చక్రాల్ని ఇంకాస్త వెనక్కి జరిపి సరిచేశారు. బావది అంతకు ముందుది. గుద్దిన దెబ్బకి దాని దిమ్మలు కూడా పోయాయి.

ఇక్కడే నా దుంపలు రంగంలోకి దిగాయి. శనివారం మధ్యాహ్నం ఆయన సైకిలుకి చిన్న బండి తగిలించుకుని మా ఊరికి వచ్చేవాడు. పొలంలో నాకు సాయం చేస్తున్నాడని లిడియా నమ్మకం. సాయానికి వెళ్ళినవాడు వట్టి చేతుల్తో రాకూడదు కదా, అందుకని ఒక దుంపల బస్తా తీసుకెళ్ళేవాడు. ఆ బస్తానే ముక్కు బరువు కోసం ముందు డిక్కీలో పడేసి, లుడ్విగ్స్‌బుర్గ్ రోడ్డెక్కి, కొండ దిగి, మిల్లు మలుపు తిరిగి గంటలో వచ్చేవాడు. బస్తా డిక్కీలోంచి సైకిలు బండిలోకి మారేది. డిక్కీలో శాశ్వతంగా ఇసుక మూట పెట్టుకోవచ్చుగా అని నేనంటే, ఇంటికెళ్ళే దుంపలుండగా ఇసుక దండగ అన్నాడు. ష్వాబు పుట్టుక పుట్టినవాడికి అంతకంటే గొప్ప తర్కం దొరకదు, నేనూ ఒప్పుకున్నాను.

ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే. తినగా తినగా మిగిలినవి నేలమాళిగలో పేరుకుపోయాయి. లిడియా కూటానికి దుంపల సలాడ్, పాస్టరు గారికి దుంపల సూప్, పక్కింటివాళ్ళకి పచ్చి దుంపలు పంచింది. చివరికి ఆ అక్టోబరులో గట్టిగా చెప్పేసింది. మాళిగలో కాలు పెట్టే చోటు లేదు, ఈ చలికాలం గడిచేదాకా ఒక్క దుంప కూడా తేవద్దని.

ఆ శనివారం బావ సైకిలు బండి లేకుండా వచ్చాడు. బస్తా వేసుకో, తిరిగొచ్చాక దించేద్దామన్నాను. వినలేదు.

"ఇంటికి పోని దుంపల్ని ఊరికే ఊరేగించడం దేనికిరా? పెట్రోలు దండగ."

పెట్రోలు ట్యాంకూ ముందే ఉంటుంది ఆ కారుకి. అది కూడా అడుగంటి ఉంది, ఎందుకంటే అవసరానికి మించి పోయించడం ఆయనకి ఇష్టం ఉండదు. ముక్కు మొత్తం ఖాళీ. వాన పడి వెలిసింది, మిల్లు మలుపులో రోడ్డు మీద తడి ఆకులు. ఎదురుగా ట్రాక్టరు. ఎనిమిదేళ్ళుగా ఎవరూ నేర్పించాల్సిన పని లేకుండా తనకి తెలిసిన సంగతి ఆ క్షణాన మర్చిపోయి, భయపడి కాలు తీసేశాడు. కారు గిర్రున తిరిగి వెనక్కి ఆపిల్ తోటలోకి పోయింది. రొట్టెల వ్యానువాడు చూసి ఆసుపత్రికి చేర్చాడు. మెడ కింద ఎముక విరిగింది, పక్కటెముకలు చిట్లాయి. ప్రాణానికేం కాలేదు.

పోలీసు ఇంటికెళ్ళి, మీ ఆయన కారు తోటలో పడిందమ్మా అన్నాడు. లిడియా చేతులు తుడుచుకుంటూ వచ్చి, మాకు కారు లేదండీ, ఇల్లు పొరబడ్డారు అందట.

ఆసుపత్రిలో ఆయన మొత్తం చెప్పేశాడు. ఆమె మంచం పక్కన నిలబడే విన్నది. ఎన్నేళ్ళు అని అడిగింది, చెప్పాడు. ఎక్కడ పెట్టేవాడివి అని అడిగింది. కొట్టంలో అని చెప్పాడు. ఆ మాటతో ఆమె మొహంలో రక్తం దిగిపోయిందని బావ తర్వాత నాతో అన్నాడు. ఆమె సంచి తీసుకుని బస్సెక్కి ఇంటికెళ్ళింది.

ఆ చలికాలం అంతా అలాగే గడిచింది. లిడియా ఆయన్ని ఇంట్లోంచి పొమ్మనలేదు, తిట్టలేదు. దుంపలు పెట్టింది. పొద్దున వేయించినవి, మధ్యాహ్నం ఉడికించినవి, రాత్రి సూప్. క్రిస్మస్‌కి కూడా దుంపలే. పళ్ళెం ఆయన ముందు పెట్టి, తన పళ్ళెం తెచ్చుకుని ఎదురుగా కూర్చుని తనూ అవే తినేది. తలుపు వెయ్యి, బొగ్గులు తే అనే మాటలు తప్ప ఇంకేం లేవు. నాతో అవీ లేవు. ఆదివారం చర్చి బయట నన్ను చూసి రోడ్డు మారేది. నాకు కోపమొచ్చింది, దాచింది సారా కాదు కదా అని. తర్వాత ఆలోచిస్తే, నాన్న సీసాలు దాచిన కొట్టాన్నే మళ్ళీ దాచడానికి ఇచ్చింది నేనే.

కారు కొట్టానికే తిరిగొచ్చింది. తోక నలిగింది కానీ ఇంజన్‌కి ఏం కాలేదు. ఫ్యాక్టరీ స్నేహితులు వచ్చి రేకు సరిచేసి పెట్టారు. ఈస్టర్‌కి వచ్చి కొనుక్కుంటానని ఒక పళ్ళ డాక్టరు కబురు పెట్టాడు. అమ్మేస్తున్నాను లిడియా అని బావ చెప్తే ఆమె దుంప తొక్క తీస్తూనే ఉంది. ఆయనకి కారు పోతుందన్న దిగులు కంటే, అది పోయినా ఆమె మళ్ళీ మాట్లాడదేమోనన్న దిగులు ఎక్కువైంది. నా దగ్గర కూర్చుని ఏడ్చాడు. అంత పెద్దాయన ఏడవడం చూడలేకపోయాను.

ఈస్టర్‌కి ముందు శనివారం మేమిద్దరం కారు తుడుస్తున్నాం. సైకిలు చప్పుడైంది. కొట్టం గుమ్మంలో లిడియా. నాన్న పోయాక మళ్ళీ అక్కడ ఆమెని చూడటం అదే మొదలు. కాసేపు బయటే నిలబడింది, తర్వాత గడప దాటింది. గడ్డి మోపులు ఉండే మూల వైపు ఒకసారి చూసి, కారు చుట్టూ తిరిగింది. ముందు డిక్కీ తీయించి లోపలికి చూసింది.

"ఇందులోనేనా దుంపలు?"

బావ తలూపాడు.

"మాళిగలో దుంపలు అయిపోయాయి. ఇంకో బస్తా తెచ్చుకోవాలి," అంది. "నేనూ వస్తాను."

నేను బస్తా తెచ్చి డిక్కీలో వేశాను. ఆమె ముందు సీట్లో కూర్చుని, వెనక ఆ ఇరుకు సీటు వైపు నాకు వేలు చూపించింది.

"నువ్వూ ఎక్కు. దాచినవాళ్ళిద్దరూ ఉండాలి."

"వాడెక్కితే వెనక బరువు పెరుగుతుంది లిడియా," అని బావ మెల్లిగా అన్నాడు.

"అయితే ఇంకో బస్తా వెయ్యండి."

రెండో బస్తా వేశాం. నా మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి, వీపు వెనకే ఇంజన్ గరగర. బావ లుడ్విగ్స్‌బుర్గ్ రోడ్డు మీద ఎడ్లబండిలా నడిపాడు. కొండ దిగేటప్పుడు ఆమె, ఇంతేనా దీని బలం అంది. దాంతో కాస్త వేగం పెంచాడు. మిల్లు మలుపు దగ్గరపడేసరికి ఆయన మెడ మీద చెమట నాకు కనపడుతోంది. మలుపులోకి దిగాక మోకాలు పైకి లేవబోయింది. ఆమె దాని మీద చెయ్యి వేసింది.

"కాలు తియ్యకు. భయమేస్తే కాలు తీసెయ్యడమే నీకు తెలుసు. నా దగ్గరా అదే చేశావు."

ఆయన తీయలేదు. కారు రోడ్డుని పట్టుకుని తిరిగింది. విరిగిన ఆపిల్ చెట్టు కిటికీ పక్క నుంచి పోయింది. వాళ్ళ ఊరి పొలిమేరలో బావ అలవాటుగా మా కొట్టం వైపు దారి పట్టబోతుంటే ఆమె ఆపింది.

"మన ఊరి బజారు వీధిలోంచి పోనియ్. చర్చి ముందు నుంచి."

చర్చి ముందు కూటం పెద్దలు నిలబడి ఉన్నారు. లిడియా వాళ్ళకి కిటికీలోంచి తల వంచి నమస్కారం పెట్టింది. వాళ్ళూ ఏం చెయ్యాలో తెలియక టోపీలు తీశారు.

ఇంటి దగ్గర రెండు బస్తాలూ మాళిగలోకి దించాం. నేను వెళ్తానంటే అక్క కూర్చోమంది. మాళిగలో కొత్త దుంపలున్నా ఆ పూట వాటి జోలికి పోలేదు. పిండి కలిపి ష్పెట్స్‌లె అనే సేమ్యా లాంటివి చేసి, వాటి మీదకి పప్పు వండింది. మొదటి పళ్ళెం బావ ముందు పెట్టింది.

"తిను," అంది.

ఆయన తిన్నాడు.