ఆటకు రమ్మని తంతి

సెలవు మీద ఊరికొచ్చి నాలుగు రోజులే అయింది. ఎర్రగుంట్లకు ఆరు మైళ్ల దూరం మా ఊరు. అప్పటికి నేను సైన్యంలో కెప్టెన్‌ని. తపాలా ఆయన సైకిలు దిగి "తంతి" అనగానే మా అమ్మ చేతిలోని కొర్రల చేట కింద పడేసి ఏడుపు మొదలుపెట్టింది. యుద్ధానికి పిలిచారనుకుంది.

నేను చదివి ఎగిరి గంతేశాను. సికింద్రాబాదులో ఎల్లుండి మొదలయ్యే ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌కి సైన్యం జట్టులో ఫాస్ట్ బౌలర్ ఒకాయన కాలు బెణికింది, వెంటనే రమ్మని పిలుపు. పటాలం మైదానాల్లో మూడేళ్లుగా ఆ పిలుపు కోసమే బంతులు విసిరాను.

"ఏమప్పా, బంతాటకు గూడా తంతి కొడతారా సర్కారోళ్లు?" అన్నాడు నాయన.

"కొడతారు నాయనా. మధ్యాన్నం రైలు అందుకోవల్ల."

"మరి ఈడ గంతులేస్తాండావే! పెట్టె సర్దుకో."

మేం రోడ్డెక్కేసరికి బస్సు పోయింది. ఇంతలో నాపరాళ్ల లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ వస్తోంది. నాయన రోడ్డు మధ్యకు పోయి రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. డ్రైవరు బ్రేకు తొక్కి తల బయటపెట్టి తిట్టబోయాడు.

"మావోడు మిలిట్రీ తరపున ఆడల్ల. రైలు దాటిపోతాది" అన్నాడు నాయన.

"అట్లనా? ఎక్కండి సాబ్, ఎక్కండి!"

బండల మీదికెక్కాను. నా వెనకే నాయనా ఎక్కాడు.

"నువ్వు యాడికి?"

"నేను చూడద్దా?"

ఒంటి మీది పంచె, తలకు రుమాలు, అంతే ఆయన సామాను. ఎర్రగుంట్ల స్టేషన్లో కదులుతున్న రైల్లోకి నన్నూ నా పెట్టెనూ తోసి, తనూ దూకాడు.

మొదటి రోజు మాదే బౌలింగు. నా మొదటి ఓవర్లోనే రెండు ఫోర్లు. మూడో ఓవర్లో ఒక బంతి లోపలికి తిరిగి, ఆఫ్ స్టంపును పెకలించి పారేసింది! నేను అరిచిన అరుపుకంటే పెద్దది ఇంకొకటి వినిపించింది.

"పడె! పడె! కట్టె పడె!"

రుమాలు ఊపుకుంటూ నాయన మైదానంలోకి పరుగెత్తుకొస్తున్నాడు. అంపైరు బిత్తరపోయాడు. మా జట్టు నాయకుడు, ఒక మేజరు, ఎవరాయన అని అడిగాడు.

"మా నాన్న, సార్."

మేజరు ఎదురెళ్లి ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. నాయన నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు.

"శానా బాగేసినావప్పా. ఇంగ పోదామా?"

"ఇంకా తొమ్మిది మందిని పడేయల్ల నాయనా. మూడు దినాలు ఆట."

"మూడు దినాలా! అయితే ఉంటా."

ఉన్నాడు. బౌండరీ గీత దగ్గర రుమాలు పరుచుకుని మూడు రోజులూ కూర్చున్నాడు. నాకు నాలుగు వికెట్లు దక్కాయి. చివరి సాయంత్రం ఎవరు గెలిచారని అడిగాడు. ఎవరూ గెలవలేదు, డ్రా అయిందన్నాను. ఆయనకు కోపమొచ్చింది.

"మూడు దినాలాడి ఎవురూ గెలవకపోవడమేంది? ఇంకో దినం ఆడదామని మీ దొరకు చెప్పు, పో!"