దుమ్ము బయటికి రాని బీరువా

మా పిన్ని పోయిందన్న కబురు నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. రేపల్లెలో ఆమె పక్కింటావిడ పొద్దున్నుంచీ ఫోన్ చేస్తూనే ఉందట. నేను తెనాలిలో, మా పెరటి షెడ్డులో కంప్రెసర్ వేసుకుని, ఒక పాత కుట్టు మిషను స్టాండుకు పట్టిన తుప్పు వదిలిస్తున్నాను. ఆ మోతలో ఏమీ వినపడలేదు. అన్నీ ఆపి ఫోన్ చూసుకున్నాక నేనే చేశాను.

"నిద్రలోనే పోయిందమ్మా. టీ ఇద్దామని తలుపు కొడితే పలకలేదు. మంచం పక్కన మంచినీళ్ల చెంబు మూత కూడా తియ్యలేదు" అంది ఆవిడ.

చేతులు కడుక్కుందామని పంపు తిప్పి, నీళ్లు పోతూ ఉంటే అలాగే నిలబడిపోయాను. అంతవరకూ నేను పని చేస్తున్న బ్లాస్టింగ్ క్యాబినెట్టు, తుప్పు వదిలించే ఆ ఇనప పెట్టె, పిన్ని ఎంచి కొనిపించిందే.

నా పని గురించి రెండు మాటలు చెప్పాలి. టైలర్లు మూలన పడేసిన పాత మిషన్ల ఇనప స్టాండ్లు కొని, శుభ్రం చేసి, రంగు వేసి, పైన చెక్క బిగించి బల్లలుగా అమ్ముతాను. తీగలూ ఆకులూ పోత పోసిన స్టాండ్లవి. ఆ సందుల్లో తుప్పు చేత్తో గీకితే రాదు. గాలి ఒత్తిడితో గరుకు పొడి కొట్టించాలి. మొదట్లో నా దగ్గరున్నదల్లా ఒక గన్ను, బకెట్టు నిండా ఇసుక, మొహానికి చుట్టుకునే చున్నీ. పనంతా ఆరుబయటే.

బాబాయిదీ ఇలాంటి పనే. చేపల వేటకెళ్లే పడవల లంగర్లూ షాఫ్టులూ ఒడ్డుకు తెస్తే ఇసుక కొట్టి తుప్పు దులిపేవాడు. నా చిన్నప్పుడే పోయాడు. టీబీతో పోయాడని మా ఇంట్లో అనుకునేవాళ్లం. పిన్ని ఎప్పుడూ కాదనలేదు. పిల్లలు లేరు. రేపల్లెలోనే, ఆ ఇంట్లోనే, ఒక్కతే ఉండిపోయింది.

ఆ ఇంట్లో కొన్ని వింతలుండేవి. పిన్ని ఎప్పుడూ పొడి చీపురుతో ఊడ్చేది కాదు. నేల మీద నీళ్లు చిలకరించి, తడిసిందని చూసుకుని, అప్పుడు చీపురు పట్టేది. గుమ్మం ముందు తడిముగ్గే. మొహానికి రాసుకునే పౌడరు ఆ ఇంట్లో ఉండేది కాదు. ఎవరైనా పరుపు దులుపుతుంటే లేచి వీధిలోకి వెళ్లిపోయేది. "కనపడే దుమ్ముకి భయపడక్కర్లేదే. కనపడకుండా తిరిగేదే లోపలికి పోయేది" అనేది. ఛాదస్తం అనుకుని నవ్వుకునేవాళ్లం.

పిన్ని కంటి ఆపరేషనుకని మా ఇంటికి వచ్చినప్పుడు అది ఛాదస్తం కాదని తెలిసింది. ఒక కంటికి కట్టు కట్టి ఉంది. మంచం మీద పడుకుని ఉందనుకుని నేను పెరట్లో పనిలో పడ్డాను. కాసేపటికి మంచినీళ్లకని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాను. నా జుట్టు మీదా కనుబొమ్మల మీదా చేతుల మీదా దుమ్ము తెల్లగా పేరుకుపోయి ఉంది. మొహానికి చున్నీ. పిన్ని లోపల్నుంచి గోడ పట్టుకుని వస్తూ, నన్ను చూసి ఆగిపోయింది.

"ఎప్పుడొచ్చారండీ?" అంది.

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అంత మెత్తగా ఉంది. నన్ను 'అండీ' అంటుందేమిటని ఒక్క క్షణం అర్థం కాలేదు. నన్ను బాబాయి అనుకుందని తట్టగానే చున్నీ లాగేశాను.

"పిన్నీ, నేనే."

ఆమె గుమ్మంలోనే చతికిలబడింది. ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం దగ్గరికి పిలిచి అడిగింది.

"ఆ పని మానేస్తావా?"

"మానను పిన్నీ. నాకు ఇష్టం. నా కాళ్ల మీద నేను నిలబడింది దీంతోనే."

"అయితే దుమ్ము బయటికి రాని దారి చూడు. కొనేటప్పుడు నేనూ వస్తా."

ఆ దారి ఉందని నాకూ తెలుసు, వాయిదా వేస్తూ వచ్చానంతే. ఇనప పెట్టెకి పైన అద్దం, ముందువైపు రెండు రంధ్రాలు, వాటికి లోపలికి వేలాడే పొడుగాటి రబ్బరు గ్లౌజులు. వస్తువు లోపల పెట్టి, తలుపు మూసి, గ్లౌజుల్లో చేతులు పెట్టి పని చేసుకోవాలి. దుమ్ము లోపలే ఉండి, ఒక గొట్టంలోంచి సంచీలోకి పోతుంది. పిన్ని దాన్ని బీరువా అనేది.

కట్టు విప్పి, డాక్టరు సరే అన్నాక బయల్దేరాం. తెనాలి బజారులో చూసింది బల్ల మీద పెట్టుకునే చిన్నది. దాని తలుపులో నా స్టాండు పట్టదు. బాపట్లలో ఒకతను వర్క్‌షాపు ఎత్తేస్తూ పెద్దది అమ్ముతున్నాడని తెలిసి రైలెక్కాం.

అది చూడగానే నాకు నచ్చింది. స్టాండు నిలువునా పడుతుంది, అద్దం పెద్దది, లోపల లైటు బాగుంది. అతనికి నలభై ఉంటాయేమో. ఓ తుప్పు పట్టిన పైపు లోపల పెట్టి కొట్టి చూపించాడు. పిన్ని తన నల్ల జాకెట్టు గుడ్డ ముక్క తడిపి తెచ్చుకుంది. ఎవరినీ అడక్కుండా తలుపు కింద నేల మీద పరిచింది. మిషను ఆపాక గుడ్డ ఎత్తి వెలుగులో పట్టుకుంది. దాని మీద సన్నగా బూడిద రంగు గీత.

"ఇది వద్దే" అంది.

"అదెంతమ్మా, చిటికెడు. తలుపు రబ్బరు అరిగింది, మారిస్తే పోద్ది" అన్నాడతను. "దీన్లో ఇసుకైనా పోసుకోవచ్చండి. మేం ఇన్నాళ్లూ అదే వాడాం."

ఆ మాట అంటూనే దగ్గాడు. ఆపుకుని మళ్లీ దగ్గాడు. పిన్ని గుడ్డ మడిచి, అతని మొహంలోకి చూసింది.

"ఎన్నాళ్ల నుంచి బాబూ, ఆ దగ్గు?"

"చల్లగాలికండి. తగ్గిపోద్ది."

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?"

అతను నా వైపు చూసి నవ్వబోయి మానేశాడు.

"పెద్దాసుపత్రికి వెళ్లు. టీబీ అంటే నమ్మేసి ఇంటికి రాకు. వాళ్లు అడక్కపోయినా నువ్వే చెప్పు, నేను ఇసుక కొట్టే పని చేశానని. చెప్తావా?" అని, అతని ఫోన్ నంబరు నా ఫోన్లో ఎక్కించమంది.

రైల్లో నాకు కోపం. అంత మంచి క్యాబినెట్టు, రబ్బరు మార్పిస్తే సరిపోయేదని గొణిగాను. పిన్ని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తర్వాత మెల్లగా చెప్పింది.

"మీ బాబాయికి టీబీ కాదే. ఆ మందులు మింగీ మింగీ ఒళ్లు గుల్లయింది. ఎవరూ నువ్వేం పని చేస్తావని అడగలేదు. ఆఖర్న గుంటూరులో ఒక డాక్టరమ్మ అడిగింది. ఊపిరితిత్తుల నిండా ఇసుక దుమ్మే అంది."

"మరి ఎందుకు చెప్పలేదు పిన్నీ ఎవరికీ?"

"ఆయనే వద్దన్నారు. తెలిస్తే పని ఆపించేస్తారు, తనతో పనిచేసే మిగతావాళ్లు ఏం తింటారన్నారు. నేను నోరు మూసుకున్నా. తర్వాత వాళ్లూ ఒక్కొక్కళ్లే పోయారు. వాళ్ల ఆడవాళ్లు సంతలో ఎదురైతే నవ్వుతూ పలకరిస్తారే. వాళ్లకేం తెలుసు."

ఆమె ఏడవలేదు. రైలు ఆగినప్పుడు, కదిలినప్పుడు, కిటికీ కడ్డీ మీద ఆమె చెయ్యి బిగుసుకోవడం మాత్రం చూశాను. బాపట్ల మాట నేను మళ్లీ ఎత్తలేదు.

చివరికి తెనాలి షాపులోనే పెద్దది ఆర్డరిచ్చాం, దుమ్ము లాగే సంచీతో సహా. ఇసుక బదులు, దానంత హాని చెయ్యని అల్యూమినియం ఆక్సైడ్ పొడి. అది వచ్చిన రోజు పిన్ని షెడ్డు కిటికీలకు దుప్పట్లు కట్టించి, టార్చి వెలిగించి క్యాబినెట్టు లోపల పెట్టించింది. చీకట్లో దాని చుట్టూ వంగి వంగి తిరిగింది, ఎక్కడైనా వెలుగు గీత కనపడుతుందేమోనని. ఎక్కడా లేదు. తర్వాత తడిగుడ్డ పరిచి, మిషను నడిపించి, అదీ చూసుకుంది. గుడ్డ నల్లగానే ఉంది.

"నేనోసారి పెట్టనా చేతులు?" అంది.

చేతులు అందక పీట వేశాను. గ్లౌజుల్లో మోచేతుల దాకా చేతులు దూర్చి, గన్ను పట్టుకుంది. లోపలున్న స్టాండు మీద ఇనపాకు ఒకటి తుప్పు వదిలి తెల్లగా బయటపడింది. అద్దంలోంచి దాన్నే చూస్తూ ఉండిపోయింది. నేను గాలి కట్టేశాను. మోత ఆగాక ఆమె మాట వినపడింది.

"ఇంతేనా? మధ్యలో ఓ అద్దం ఉంటే చాలా?"

నన్ను అడగలేదా మాట.

తిరిగి రేపల్లె వెళ్లాక, నాతో రాయించుకున్న ఆ బాపట్ల నంబరు పిన్ని తన ఫోన్లో పక్కింటావిడతో ఎక్కించుకుందట. వారానికోసారి అతనికి ఫోన్. "వెళ్లావా? ఏమన్నారు? వెళ్లలేదా? నీ పెళ్లానికియ్యి ఫోను." అలాగే రేపల్లెలో బాబాయితో పనిచేసినవాళ్ల ఇళ్లకు కూడా వెళ్లడం మొదలుపెట్టిందని ఆమె పోయాకే తెలిసింది. ఆ ఆడవాళ్ల దగ్గర కూర్చుని, మీ ఆయనది టీబీ కాదని చెప్పి వచ్చిందట. ఒకావిడ తలుపేసుకుందట. ఇంకో ఆవిడ తన కొడుకుని ఆ పని మాన్పించిందట. ఆ రెండో ఆవిడే పెద్దకర్మ నాడు వచ్చి వంట దగ్గర పనంతా నెత్తిన వేసుకుంది.

అదే రోజు బాపట్ల అతనూ వచ్చాడు. గుర్తు పట్టలేదు, అంత చిక్కిపోయాడు.

"ఆవిడ తిట్టకపోతే వెళ్లేవాణ్ని కాదండి. ఊపిరితిత్తులకి దుమ్ము పట్టింది, మరీ ముదరలేదన్నారు. పట్టింది పోదంట కానీ, ఆ పని మానేస్తే ఇంతటితో ఆగొచ్చంట. ఇప్పుడు బావమరిది కొట్లో కూర్చుంటున్నా" అన్నాడు. మాటకీ మాటకీ మధ్య గాలి పీల్చుకోవడానికి ఆగుతున్నాడు. భోజనం చేసి వెళ్లమంటే రైలుకి టైమైందన్నాడు.

ఎండ మండిపోతోంది. స్టేషను వైపు నడుస్తూ ఒక కరెంటు స్తంభం దగ్గర ఆగాడు. దానికి చెయ్యి ఆనించి, తల వంచుకుని, కాసేపుండి కదిలాడు. తర్వాతి స్తంభం దగ్గర మళ్లీ ఆగాడు. పిన్ని ఇంటి గుమ్మంలో నిలబడి, అతను మలుపు తిరిగేదాకా చూస్తూ, అతను ఆగినప్పుడల్లా నేనూ ఊపిరి బిగబట్టి, అతను కదిలాకే వదిలాను.